నాలుగు గడుల ఫారం

మార్చి 3, సోమవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. కానీ ఒకరితో అంటే పది నోళ్లలో పడుతుంది, ఎవరితోనూ అనకపోతే కడుపు ఉబ్బిపోతుంది. అందుకే నాన్న వాడకుండా దాచిన నోటుబుక్కు ఒకటి తీశాను. రెండింటికి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ఆయన కునుకు తీస్తుంటాడు. ఆ గంట నాది.

ఆసుపత్రిలో విచారణ వేశారు. పోయిన నెల పంతొమ్మిదిన మోకాలి ఆపరేషన్ అయిన ముగ్గురికి గాయంలో చీము పట్టింది. బెడ్ పదిహేను, బెడ్ ఇరవై రెండు మందులతో తేరుకున్నారు. బెడ్ పద్నాలుగుకి మళ్లీ రెండుసార్లు కోయాల్సి వచ్చింది. ఇంజనీరు వచ్చి మా ఆవిరి యంత్రం నోట్ చేసుకున్న అంకెలన్నీ తిరగేసి, పంతొమ్మిది ఉదయమే తలుపు రబ్బరు దగ్గర గాలి పీలుస్తూ ఉందని రాసిచ్చాడు. మరి ఆ రోజు రిజిస్టర్లో పరీక్ష షీటు నిక్షేపంగా ఉందేమిటని సూపరింటెండెంటు నన్ను అడిగాడు.

"నాకేం తెలుసు సార్? యంత్రం నడిపేది పెద్దక్క. అంటించిన షీటు చూసి కింద సంతకం పెట్టడం నా పని" అన్నాను.

అందులో అబద్ధం లేదు. అంటించిన షీటు చూశాను. సంతకం పెట్టాను.

గుమ్మడికాయల దొంగంటే నేనెందుకు భుజాలు తడుముకోవాలి?

మార్చి 4, మంగళవారం

కమిటీలో ముగ్గురు. ముగ్గురూ హెడ్డాఫీసు నుంచి వస్తున్నారు, తెలుగు రాదు, మా గదిలో ఏం జరుగుతుందో అంతకన్నా తెలియదు. వాళ్లకి ఎలా చెప్పాలో ఇక్కడ ఒకసారి రాసి చూసుకుంటాను.

థియేటర్లో వాడిన కత్తులు, కత్తెరలు మా గదికి వస్తాయి. కడిగి, ఆరబెట్టి, గుడ్డల్లో చుట్టి ఆవిరి యంత్రంలో పెడతాం. రోజూ పొద్దున మొదటి విడత మాత్రం ఖాళీ యంత్రంలో పరీక్ష కట్ట ఒక్కటే పెట్టాలి. ఆ కట్ట నడుమ పసుపు రంగు షీటు ఉంటుంది. ఆవిరి అంతటా చేరితే షీటంతా నల్లబడుతుంది. మధ్యలో పసుపు మిగిలిందంటే లోపల గాలి చిక్కుకుందని అర్థం. అప్పుడు ఆ యంత్రాన్ని వాడకూడదు. నల్లబడిన షీటును రిజిస్టర్లో అంటించాలి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. పొదుపు షీట్ల సంగతి చెప్పను. అది నేను కనిపెట్టింది కాదు, నాకు ముందున్న ఇన్‌ఛార్జి పెట్టిన అలవాటు. తీరిక ఉన్న రోజు రెండు కట్టలు పెట్టి రెండు షీట్లు తీసి, ఒకటి సొరుగులో దాచుకోవడం. పరీక్షకి అరగంట దొరకని రోజు ఆ దాచింది తీసి అంటించడం. పదకొండేళ్లుగా చేస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. షీటు అంచున చిన్న అక్షరాల్లో ప్యాకెట్ నంబరు ఉంటుందని నాకు తెలుసు. దాన్ని చదివే తీరిక ఉన్నవాడు ఒకడు పుడతాడనుకోలేదు. ఇంజనీరు చదివాడు. పంతొమ్మిదిన అంటించింది జనవరి ప్యాకెట్ షీటు.

పెద్దక్క గురించి కూడా అడుగుతారేమో. మా గదిలో అందరికన్నా పెద్దది, అందుకే ఆ పేరు. ఇరవై రెండేళ్ల సర్వీసు, ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతుంది. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. నేను పైకొచ్చి ఆవిడ మీద ఇన్‌ఛార్జినయ్యాను. అయినా మొహం ముడుచుకోలేదు సరికదా, "ఇన్‌ఛార్జమ్మా" అని ఆటపట్టిస్తూ పిలుస్తుంది. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. ఆవిడ సెలవు చీటీలన్నీ నేనే రాసి పెడతాను. ఆవిడవే కాదు, గదిలో అందరివీ నేనే. ఇంగ్లీషు మాస్టారి కూతురినని నాకు కాస్త పొగరు, ఉంటే ఉంది.

మార్చి 5, బుధవారం

పెద్దక్క ఇవాళ కూడా భోజనం టైములో ఎక్కడికో మాయమైంది. పావుగంటలో తిరిగొచ్చింది. ఎవరితో మాట్లాడుతోందో?

మార్చి 6, గురువారం

పెద్దక్కకి ఫారం వచ్చింది. సంజాయిషీ ఇంగ్లీషులో రాసి, పైన నాలుగు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఎర్రర్, ల్యాప్స్, నెగ్లిజెన్స్, మిస్‌కాండక్ట్. కింద చిన్న అక్షరాల్లో శిక్షలు. ఎర్రర్ అయితే మళ్లీ శిక్షణ. ల్యాప్స్ అయితే హెచ్చరిక. నెగ్లిజెన్స్ అయితే సస్పెన్షన్. మిస్‌కాండక్ట్ అయితే ఉద్యోగం పోతుంది, పెన్షనూ పోతుంది. దానికింద ఇంకా చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది. మొదటి మూడింట్లో పైఅధికారి కూడా బాధ్యులే. నాలుగోది అయితే చేసినవాళ్లు ఒక్కరే.

ఆ ముక్కని బస్సులో నాలుగుసార్లు చదివాను.

వచ్చే నెల మా గదికీ, ఆసుపత్రి రెండో యూనిట్లో ఉన్న ఇలాంటి గదికీ కలిపి ఒకే ఇన్‌ఛార్జిని వేస్తారు. నా పేరు పైకి వెళ్లింది. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

నాన్నకి కంటి ఆపరేషన్ అయ్యాక పేపరు నేనే చదివి పెడుతున్నాను. చదువుతూ మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు అడిగాను.

"నాన్నా, ల్యాప్స్‌కీ నెగ్లిజెన్స్‌కీ తేడా ఏంటి?"

ఆయన మొహం వెలిగిపోయింది. పిల్లలు ఆయన్ని వెనకాల షేడ్స్ మాస్టారు అనేవాళ్లు. మాటల మధ్య తేడాలంటే అన్నం కూడా మరిచిపోతాడు.

"మంట తగ్గించాననుకుని పెంచావు, పాలు పొంగాయి. అది ఎర్రర్. పొయ్యి మీద పాలున్న సంగతే మరిచిపోయావు. అది ల్యాప్స్. ఉన్నాయని తెలుసు, అయినా ఫోన్లో కబుర్లు చెప్పుకుంటున్నావు. అది నెగ్లిజెన్స్."

"మిస్‌కాండక్ట్?"

"పొంగుతుంటే చూశావు. చేతికందే దూరంలో ఉన్నావు. తుడిచేది ఇంకొకరులే అని ఊరుకున్నావు."

"పొంగించింది కూడా ఇంకొకరే అని చెప్తే?"

ఆయన పచ్చ కళ్లద్దాలు తీసి నా వైపు తిరిగాడు. అంత దూరానికి నా మొహం సరిగ్గా కనబడదని నాకు తెలుసు. "ఎందుకమ్మా ఇవన్నీ?" అన్నాడు.

"ఆఫీసు ఉత్తరం" అన్నాను.

"క్లాసులో ఎవడైనా వెధవ పని చేస్తే నేను ఈ మాటల్లో ఒక్కటీ రాయనిచ్చేవాణ్ణి కాదు. ఏం చేశావో వరసగా రాసుకురా, పేరు నేను పెడతాను అనేవాణ్ణి. మాటలు తెలిసినవాడు ముందు మాట వెనక దాక్కుంటాడు."

తర్వాత పేపర్లో వాతావరణం చదివాను.

మార్చి 7, శుక్రవారం

పెద్దక్క సంజాయిషీ రాసిచ్చాను.

ముందు ల్యాప్స్ గడిలో టిక్కు పెట్టాను, నిజంగానే పెట్టాను. తర్వాత ఆ చిన్న అక్షరాలు మళ్లీ చదివాను. ఆఫీసు గుమాస్తా దగ్గరికి వెళ్లి, సిరా ఒలికిందని చెప్పి ఇంకో ఫారం తెచ్చుకున్నాను.

మూటలు కట్టే బల్ల దగ్గర ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏ గడిలో పెట్టావు ఇన్‌ఛార్జమ్మా?"

"అన్నీ తప్పు అనే మాటలే పెద్దక్కా. ఇంగ్లీషువాళ్లకి పనిలేక నాలుగు పెట్టారు."

"నాకేం తెలుస్తుంది, నువ్వు పెట్టిందే పెట్టు. నేను నీకు చూపించిన సంగతి మాత్రం రాశావు కదా?"

"రాశాను" అన్నాను.

ఆవిడ తెలుగులో సంతకం చేసింది. ప్రతి అక్షరం విడివిడిగా, చిన్నపిల్ల రాసినట్టు. కలం మూత పెట్టి మరీ తిరిగిచ్చింది.

మార్చి 8, శనివారం

నిన్నటి పేజీ చదివాను. చదివినవాళ్లెవరైనా 'ఏం చూపించింది?' అని అడుగుతారు. చదివేది నేనొక్కదాన్నే, అయినా రాస్తాను.

పంతొమ్మిదిన అయిదు ఆపరేషన్లు. రెండో యంత్రం రిపేరులో ఉంది. ఏడుంపావుకి పెద్దక్క పరీక్ష కట్ట విప్పి షీటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "మధ్యలో నల్లబడలేదమ్మా, చూడు" అంది. రూపాయి బిళ్లంత పసుపు. అవతల థియేటర్ సిస్టర్ ఫోన్లో అరుస్తోంది. అంతకుముందు వారమే మావల్ల ఆలస్యమైందని సర్జన్ పైకి ఫిర్యాదు రాశాడు. మళ్లీ పరీక్ష పెడితే ఇంకో అరగంట. అది కూడా పోతే అయిదు ఆపరేషన్లూ ఆగిపోతాయి, నా పేరు మీద.

"మొదటి విడత కదా, యంత్రం ఇంకా వేడెక్కలేదు. ఇది పారేసి సరుకు ఎక్కించండి. రిజిస్టరు నేను చూసుకుంటాను" అన్నాను.

ఆవిడ షీటుని వెలుతురుకి పట్టి చూసింది. "పెట్టమంటావా?" అని ఇంకోసారి అడిగింది.

"పెట్టమన్నాను కదా పెద్దక్కా" అన్నాను. కసురుకున్నాను కూడా.

సొరుగులోంచి పొదుపు షీటు తీసి నేనే అంటించాను. గ్లవ్స్ వేసుకుంటే మళ్లీ కలం పట్టలేమని షిఫ్టు మొదట్లోనే రిజిస్టర్లో సంతకం పెట్టేస్తుంది ఆవిడ. ఆ సంతకం పక్కనే అంటించాను.

ఇప్పుడేం చెయ్యాలి? ఫారం పైకి వెళ్లిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కమిటీవాళ్లే ఆవిడ సర్వీసు చూసి శిక్ష తగ్గిస్తారు. ఇరవై రెండేళ్లలో ఒక్క మచ్చ లేదు. తగ్గిస్తారు. తప్పకుండా తగ్గిస్తారు.

మార్చి 10, సోమవారం

తగ్గిస్తారు.

మార్చి 11, మంగళవారం

విచారణ అయింది. ఒక్కొక్క మాటా రాస్తాను.

పొడుగు బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో గుండ్రటి కళ్లద్దాల మేడమ్. పెద్దక్కకి తెలుగు, వాళ్లకి ఇంగ్లీషు, మధ్యలో మాట చెప్పడానికి ఎవరున్నారంటే సూపరింటెండెంటు నన్ను చూపించాడు. మేడమ్‌కి అది నచ్చలేదు. ఇన్‌ఛార్జే తెలుగులోకి మార్చి చెప్పడం సబబేనా, ఆవిడకి అభ్యంతరం ఉందేమో అడగమంది. అది మాత్రం ఉన్నదున్నట్టు అడిగాను.

"నువ్వయితేనే నాకు ధైర్యం" అంది పెద్దక్క.

తెలిసి తెలిసి పాత షీటు అంటించి రికార్డు మార్చానని ఒప్పుకుంటోందా అని మేడమ్ అడిగింది. నేను పెద్దక్క వైపు తిరిగాను.

"ఆ రోజు షీటు విషయంలో తప్పు జరిగిందని ఒప్పుకుంటారా అంటున్నారు."

"జరిగింది కదమ్మా. ముగ్గురు మనుషులు మంచాన పడి ఉంటే జరగలేదని ఎలా అంటాను?"

"ఎస్, షీ అడ్మిట్స్ ఇట్" అన్నాను.

మేడమ్ రాసుకుంది. ఇంకేమైనా చెప్పుకోవాలా అని అడిగింది.

"చెప్పేదేముంది, ఇన్‌ఛార్జమ్మ అంతా రాసింది. అందులో ఉన్నదే నా మాట" అంది పెద్దక్క.

దాన్ని మాత్రం పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను.

బయటికొచ్చాక వరండాలో నా చెయ్యి పట్టుకుంది. "నీ చెయ్యి ఇంత చల్లగా ఉందేంటే? నువ్వెందుకు భయపడతావు" అంది.

మార్చి 12, బుధవారం

భోజనం టైములో ఆవిడ మళ్లీ మాయమైంది. నేను తినలేదు.

మార్చి 14, శుక్రవారం

మూడింటికి తలుపు కొట్టారు. పెద్దక్క. చేతిలో కవరు, చింపలేదు.

"గేటు దగ్గర గుమాస్తా ఇచ్చాడు. వాడి మొహం చూస్తే మంచిగా లేదు. ఇంగ్లీషు కాగితం ఎప్పుడొచ్చినా చదివేది నువ్వే కదా, అందుకే తెచ్చాను."

లోపలికి రమ్మన్నాను. భోజనం బల్ల దగ్గర కూర్చుంది. నాన్న పక్క గదిలో కుర్చీలో ఉన్నాడు, మెలకువగానే. కవరు చింపాను. ఆరు లైన్లు. చదివాను, మళ్లీ చదివాను.

"తీసేశారా?" అంది.

"తీసేశారు."

"పెన్షను?"

తల అడ్డంగా ఊపాను.

ఆవిడ ఏడవలేదు. బల్ల మీద ఉన్న మంచినీళ్ల గ్లాసుని కొంచెం పక్కకి జరిపింది, అంతే. నిజంగా అర్థంకాక అడిగింది.

"నేను నీకు చూపించానని రాసినా కూడానా?"

ఇప్పటికీ నా చెవుల్లో ఆ ఒక్క మాటే తిరుగుతోంది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆవిడకి నామీద అనుమానమే లేదు.

"రాయలేదు పెద్దక్కా" అన్నాను.

"మరేం రాశావు?"

నా దగ్గర నకలు ఉంది. తీసుకొచ్చి మొదటిసారి ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. "పరీక్ష ఫలితం నేను ఎవరికీ చూపించలేదు. తెలిసే పాత షీటు అంటించాను. ఇది నా మిస్‌కాండక్ట్." అది నాలుగింట్లో అన్నిటికన్నా పెద్ద మాట అని, దాంట్లో పడితే నాకేమీ కాదని, అందుకే దాంట్లో టిక్కు పెట్టానని కూడా చెప్పాను. కమిటీ ముందు ఏం అడిగారో, నేనేం అడిగానో చెప్పాను.

"ఎవరికీ చూపించలేదని రాశావు" అంది ఆవిడ నెమ్మదిగా.

అప్పుడు చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడత పెట్టిన షీటు. మధ్యలో రూపాయి బిళ్లంత పసుపు. వెనక ఆవిడ విడివిడి అక్షరాల్లో తారీకు, టైము వేసి ఉన్నాయి.

"నువ్వు పారేయమన్నావు. మెకానిక్ వస్తే చూపిద్దామని దాచాను. తర్వాత నువ్వు అంతా రాశానన్నావు కదా, ఇంక ఇదెందుకని సంచిలోనే ఉంచాను." షీటుని బల్ల మీద పెట్టింది. దాని మీంచి చెయ్యి తియ్యలేదు. "సరే, నా సంగతి వదిలెయ్. పద్నాలుగో బెడ్డు అమ్మాయిని ఒక్కసారైనా చూశావా నువ్వు?"

చూడలేదు.

"ఉత్తరాలు పంచే పిల్ల. రోజంతా నడిచే ఉద్యోగం. మోకాలు ఇంతకు మించి వంగట్లేదు" అని చేత్తో చూపించింది. "రోజూ మధ్యాహ్నం వెళ్లి కూర్చుంటున్నాను. ఆ కత్తులు మూట కట్టింది నా చేతులు కదా."

ఈ నోటుబుక్కు మొదటినుంచీ తిరగేశాను. బెడ్ పద్నాలుగు అని ఒకే ఒక్కచోట రాశాను. ఆడమనిషో మగమనిషో కూడా రాయలేదు. నాకు తెలియదు మరి.

ఆవిడ లేచింది. షీటు మళ్లీ సంచిలో పెట్టుకుంది. నేను ఏదో అనబోయాను. "ఇప్పుడేం అనకు. నీకు మాటలు చాలా వచ్చు" అని వెళ్లిపోయింది.

నాన్న అన్నీ విన్నాడు. "ఏ మాట వాడను నాన్నా?" అని నేనే అడిగాను. సిగ్గులేకుండా.

"నిన్ననే చెప్పినట్టుంది నీకు" అన్నాడు. నిన్న కాదు, వారం దాటింది. "తలుపు దగ్గరగా వేసి రాసుకో. నాకు కాసేపు నీ మొహం కనబడకపోవడమే మంచిది."

మార్చి 15, శనివారం

ఉత్తరం ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చాను. ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ లేదు. అపరాధం, క్షమాపణ, పశ్చాత్తాపం కూడా లేవు. అవి రాసినప్పుడల్లా వాక్యం అందంగా తయారవుతోంది. కొట్టేశాను. పదకొండు వాక్యాలు మిగిలాయి.

సూపరింటెండెంటుకి ఇచ్చేముందు పెద్దక్కకి చదివి వినిపించాలనుకున్నాను. ఆవిడ ఇంటికి వెళ్తే తాళం. ఎక్కడుంటుందో నాకు ఇప్పుడు తెలుసు.

పద్నాలుగో బెడ్డు కిటికీ పక్కన. ముప్పయ్యేళ్లు కూడా లేని అమ్మాయి, కాలి కింద రెండు దిండ్లు. పెద్దక్క స్టూలు మీద కూర్చుని ఆ అమ్మాయికి బత్తాయి ఒలిచి పెడుతోంది. ఉద్యోగం పోయిన మనిషి, విజిటరు చీటీ రాయించుకుని వచ్చింది.

"ఉత్తరం రాశాను పెద్దక్కా. పైకి పంపేముందు మీకు చదివి చెప్తాను" అన్నాను.

చెయ్యి చాపింది. ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. చదవడం రాని కాగితాన్ని అంతసేపు చూడడం నేనెప్పుడూ ఎరగను. తర్వాత దాన్ని మంచం మీది అమ్మాయికి అందించింది.

"నీకు ఇంగ్లీషు వచ్చు కదమ్మా. ఇందులో ఏముందో నాకు చదివి చెప్పు."

"నాది పంచే ఉద్యోగం అక్కా, ఒకళ్ల ఉత్తరాలు చదవకూడదు" అని నవ్వింది ఆ అమ్మాయి.

"ఇది నీక్కూడా వచ్చిన ఉత్తరమే."

నేను చదువుతానని మళ్లీ అనలేకపోయాను. మంచం కాళ్ల వైపు ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయి వేలు పెట్టి నెమ్మదిగా, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"ఫిబ్రవరి పంతొమ్మిది ఉదయం ఏడుంపావుకి ఆవిడ పరీక్ష షీటు తెచ్చి నాకు చూపించింది."

పెద్దక్క బత్తాయి ఒలవడం ఆపింది.

"షీటు మధ్యలో పసుపు ఉంది. నేను చూశాను."

"అయినా సరుకు యంత్రంలో పెట్టమని చెప్పాను. ఆవిడ రెండోసారి అడిగింది. రెండోసారి కూడా పెట్టమన్నాను."

అక్కడ ఆ అమ్మాయి వేలు ఆగింది. కాగితం మీంచి తలెత్తి, తన మోకాలి వైపు చూసుకుని, తర్వాత నా వైపు చూసింది.

"ఆపకమ్మా. తర్వాతది చదువు" అంది పెద్దక్క.